డెలివరీలు ఎందుకు ఆగాయో, గాలి ఎందుకు మార్చానో

బరంపురంలోనూ, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచీ మా షాపుకి బండి ట్యాంకులు, హెల్మెట్లు పెయింటింగ్‌కి ఇచ్చినవాళ్ళందరికీ,

వానలు మొదలైన దగ్గర్నుంచి మన డెలివరీలు నిలిచిపోయాయి. ఫోన్ చేసినవాళ్ళకి "వచ్చే వారం" అని చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. అసలు సంగతి ఇది: గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి ఆ గాలి ఇచ్చే కంప్రెసర్ గాలితో పాటు నూనె కూడా వదిలింది. దాన్ని తీసేసి వేరేది పెట్టాను, పని మళ్ళీ మొదలైంది. తొందరలో ఉన్నవాళ్ళు నేరుగా చివరికి వెళ్ళిపోండి, మధ్యలో ఉన్నదంతా నా కడుపుమంట.

పాత మిషన్ అరిగిపోయిందని పోయిన ఏడాది భువనేశ్వర్‌లో ఒక డీలర్ దగ్గర కొత్తది తీసుకున్నాను. ఆయిల్ ఫ్రీ అని బిల్లు మీద కూడా రాసిచ్చాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ట్యాంకుల మీద రంగు పక్కకి తప్పుకుని గుండ్రటి గుంటలు పడటం మొదలైంది. మా పనిలో దాన్ని ఫిష్ ఐ అంటారు. అది కనిపిస్తే ఎవరైనా ముందు పెయింటర్‌నే అనుమానిస్తారు. పాలిష్‌లోని సిలికాన్ సరిగ్గా తుడవలేదనో, జిడ్డు చెయ్యి తగిలిందనో. నేనూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. థిన్నర్ మార్చాను, రంగు డబ్బా మార్చాను, ఎవరూ ముట్టని కొత్త రేకు ముక్క మీద కొట్టి చూశాను. గుంటలు పోలేదు. ఈలోగా "అన్నకి చెయ్యి పోయింది" అని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట. నా దాకా వచ్చింది.

డీలర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మీ ఊరు సముద్రం పక్కన కదా సార్, గాలిలో తేమ ఎక్కువ. అది నూనె కాదు, నీళ్ళు." గోపాల్‌పూర్ మనకి పదిహేను కిలోమీటర్లే, తేమ లేదని నేనూ అనను. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, పైపులో చల్లబడేసరికి అందులోని తేమ నీళ్ళయి దిగుతుంది. వానాకాలంలో ఆ నీళ్ళు పట్టే ట్రాప్ గిన్నె నిండటం, దాన్ని వంచి పారబోయడం మాకు రోజూ ఉండేదే. కానీ నీళ్ళకీ నూనెకీ తేడా తెలియనివాణ్ణని నాకే చెప్తాడా? స్పిరిట్‌తో తుడిచిన అద్దం మీద రంగు లేకుండా ఉత్త గాలి కొట్టి ఫ్యాన్ కింద పెట్టాను. నీళ్ళయితే ఆరిపోవాలి. మర్నాటికి కూడా పొర అలాగే ఉంది, వేలు పెడితే జారింది. వీడియో తీసి పంపాను. నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

మెకానిక్ చేత కవర్ విప్పిస్తే లోపల ఉన్నది నూనెతో నడిచే ఫ్రిజ్ కంప్రెసర్. ఫ్రిజ్‌లో తిరిగే గ్యాస్ మళ్ళీ దాని దగ్గరికే వస్తుంది కాబట్టి, బయటికి పోయిన కాస్త నూనె కూడా దానితోపాటు వెనక్కి వచ్చేస్తుంది. ఇక్కడ గాలి నేరుగా మీ ట్యాంకు మీదికి పోతుంది. ఈ సంగతి డీలర్‌కి చెప్పాక జవాబు వచ్చింది, "విప్పారు కాబట్టి వారంటీ లేదు" అని! వాడి గుమ్మం మళ్ళీ తొక్కను.

ఇక ఏది కొనాలన్నదే పెద్ద టెన్షన్ అయిపోయింది. సోడా కొట్లలో పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడమని చాలామంది చెప్పారు. నిజంగానే మనసు లాగింది. చప్పుడు ఉండదు, నూనె ఉండదు, తేమ దాదాపు ఉండదు, కరెంటు పోయినా పని ఆగదు. కాగితం మీద లెక్క వేశాను. కిలో గ్యాస్ అంటే సుమారు 540 లీటర్లు. ఎయిర్‌బ్రష్ నిమిషానికి 15 లీటర్లు తీసుకుంటే కిలో 36 నిమిషాలకి అయిపోతుంది. ఒక ట్యాంకు మీద బొమ్మకి కొన్నిసార్లు రోజంతా పడుతుంది. సరే, ఖర్చు భరిస్తాను అనుకున్నా, మా షాపుకి ఉన్నది ఒక్క షట్టరు, జల్లు కొడితే సగం దించేస్తాం. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది, అక్కడ ఊపిరాడదు. పని నేర్చుకునే కుర్రాళ్ళు నేల మీద కూర్చుని రుద్దుతుంటారు. అక్కడితో ఆ ఆలోచన మానేశాను.

గ్యారేజీల్లో ఉండే బెల్టు కంప్రెసర్ కూడా నూనెతోనే నడుస్తుంది. మంచి ఫిల్టర్లు పెడితే పర్లేదు గానీ, దాని చప్పుడుకి మేడ మీద ట్యూషన్ పిల్లలు చదువుకోవాలి కదా. గాలి నిలవుంచే ట్యాంకు లేని బుల్లి కంప్రెసర్లతో గాలి కొట్టుకుంటూ వస్తుంది, సన్నగీత జ్వరంలో రాసిన చేతిరాతలా వణుకుతుంది.

దారి చూపింది మా కస్టమరే, ఒక పళ్ళ డాక్టరుగారు. వాళ్ళ మిషన్ల గాలి పేషెంటు నోట్లోకి పోతుంది కాబట్టి ఆయిల్ ఫ్రీ కంప్రెసరే పెట్టుకుంటారు. అలాంటిదే తీసుకున్నాను. ధర బాగా ఎక్కువ. అయినా మొండికేసి కొన్నాను, ఎందుకంటే దాన్ని బాగుచేసే మనిషి బరంపురంలోనే ఉన్నాడు. డబ్బు ఇచ్చేముందు అద్దం తీసుకెళ్ళి అక్కడే గాలి కొట్టి చూశాను. ఆ షాపతను నన్ను వింతగా చూశాడు, చూడనీ. ఇప్పుడు గోడ వెంట పొడవు పైపు వేసి, గాలి చల్లబడ్డాక ట్రాప్, ఆ తర్వాత ఒత్తిడి సరిచేసే రెగ్యులేటర్ పెట్టాను. చేతి దగ్గర గాలి ఒత్తిడి 20 నుంచి 25 పీఎస్ఐ నిలకడగా వస్తోంది.

ఇక మీ పనులు. గుంటలు పడ్డ ట్యాంకులన్నీ రేకు దాకా గీకి మళ్ళీ చేస్తాను, ఒక్క రూపాయి తీసుకోను. "పర్లేదులే అన్నా, కనబడటం లేదు" అని పట్టుకెళ్ళినవాళ్ళు కూడా వెనక్కి తెచ్చివ్వండి, నాకు కనబడుతోంది. ముందు అవి, తర్వాత ఆగిపోయిన హెల్మెట్లు, అన్నీ దసరాలోపు. చవితి పందిళ్ళ పని ఈసారి ఒప్పుకోలేదు. స్టిక్కర్ వేసి ఇచ్చేయమని అడగొద్దు, వెయ్యను. కొత్త మిషన్ ఖర్చు మీ మీద వెయ్యను, పాత రేట్లే. అంతవరకు ఆగలేనివాళ్ళకి అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను. ట్యాంకు మాత్రం తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టే ఇస్తాను, దానికి ఒక్క రోజు ముందు ఫోన్ చేయండి.