రోడ్డు మీద గెలిచింది, స్టేషన్‌లో ఓడింది

సంపాదకులకు నమస్కారం.

పోలీసు, న్యాయ వ్యవస్థలు బాగుపడాలంటే ఉద్యమాలు కావాలా, ఓటు సరిపోతుందా అని మీ పత్రికలో సాగుతున్న చర్చ చదువుతున్నాను. ‘రోడ్డెక్కి అరిస్తే ఏమొస్తుంది, ఎన్నికల్లో బుద్ధి చెప్పాలి గానీ’ అన్న మాటే అందులో ఎక్కువ. జరిగింది చూస్తే అలా లేదు.

1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త ప్రాణం పోయింది. నగరం భగ్గుమంది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేయక తప్పలేదు. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు మారాక నిందితులు నిర్దోషులై బయటికొచ్చారు. ఆ కోపానికి, మహారాష్ట్రలో ఇలాంటి కేసులోనే పోలీసులను వదిలేస్తూ వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుపై దేశమంతా లేచిన నిరసన తోడైంది. 1983లో చట్టం మారింది. కస్టడీలో ఉన్న మహిళతో లైంగిక చర్య రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. 2012 డిసెంబరులో నిర్భయ ఘటనపై ఢిల్లీ యువత రోడ్లమీదికి వచ్చాక కూడా అంతే. జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. మహిళలపై తీవ్ర నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసుకు జైలు శిక్ష 2013లో చట్టంలోకి ఎక్కింది. ఇవేవీ ఓట్ల లెక్కింపులో తేలినవి కావు.

కానీ అదే వర్మ నివేదికలో పోలీసు సంస్కరణల మీద ఓ అధ్యాయం కూడా ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, డీఎస్పీ వరకు బదిలీలు పోలీసు అధికారుల బోర్డే చూడాలని, పోలీసులపై ఫిర్యాదులకు జిల్లా స్థాయిలోనూ ప్రత్యేక సంస్థ ఉండాలని మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. మరి ఎస్ఐ, సీఐ పోస్టింగులకు ఎమ్మెల్యే ఇచ్చే సిఫార్సు లెటర్ల మాటేమిటి? అది ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. లెటర్‌తో వచ్చిన అధికారి ముందు ఆ ఎమ్మెల్యే అనుచరుడి మీద ఫిర్యాదు పెట్టి చూడండి. ‘ముందు పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి’ అంటాడు. రాసుకోకపోతే జైలని చట్టంలో ఉన్నా, ఆయన టెన్షన్ చట్టం గురించి కాదు, వచ్చే ఫోన్ గురించి.

ఇక్కడ ఉద్యమం చేతులెత్తేస్తుంది. ఘోరం జరిగితే జనం వస్తారు గానీ, బదిలీ ఉత్తర్వు మీద ఎవరు ధర్నా చేస్తారు? ఇది ఓటుతో తేలాల్సిన పని. చిక్కేమిటంటే, ఆ లెటర్ ఇచ్చేదీ మనం ఓటేసి గెలిపించిన మనిషే.

2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్యతో అట్టుడికిన అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరంలో, పోలీసు శాఖ స్థానంలో కొత్త విభాగం పెట్టాలా అని మరుసటి ఏడాది ఓటింగ్ పెట్టారు. జనం వద్దన్నారు. ఉద్యమం ఓడిందనడానికి దీన్నే చూపిస్తుంటారు. నాకైతే అలా అనిపించదు. వద్దన్నా కావాలన్నా, అక్కడ ఆ ప్రశ్న బ్యాలెట్ దాకా వెళ్లింది. మన ఎన్నికల్లో పింఛను, రోడ్డు, కులం అన్నీ ఒకే మీటలో కలిసిపోతాయి, స్టేషన్ సంగతి అడిగేవారుండరు.

అందుకే ఒక విన్నపం. ఈసారి ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ‘గెలిస్తే పోలీసు పోస్టింగులకు లెటర్లు ఇస్తారా, ఇవ్వరా?’ అని మీ విలేకరుల చేత అడిగించి, వాళ్ల జవాబులు పేర్లతో సహా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు