చిరుమాను ఎర్రబడిన సంగతి

కర్నూలు,
ఫాల్గుణ మాసం.

ప్రియమైన కాంట్రాక్టరుకు,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం; నాన్నగారి మోకాలి నొప్పి కొంత తగ్గింది, చిన్నదాని పరీక్షలు దగ్గరపడ్డాయి, నీవు అడిగిన స్థలం కాగితాల సంగతి మరోసారి వ్రాస్తాను. ఇప్పుడు చెప్పవలసినది వేరే ఉన్నది, అది చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

ప్రతి అక్టోబరులోనూ నీవు అమెరికాలోని వెర్మాంటు నుండి ఎర్రబడిన మేపుల్ చెట్ల ఫోటోలు పంపి, కర్నూలు చెట్లకు ఉన్నవి రెండే రంగులనీ, ఒకటి దుమ్ము పట్టినదనీ, రెండవది వాన కడిగినదనీ వెక్కిరిస్తూ ఉంటావు కదా! దానికి జవాబు ఈ కవరులోనే ఉన్నది. ముందు ఫోటోలు చూసేసి తరువాత ఉత్తరం చదివావంటే నీవు కాంట్రాక్టరువే కావు.

ఈ శివరాత్రికి బస్సెక్కక, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్ళాను. పులుల అభయారణ్యం గనుక మామూలు రోజుల్లో అడుగు పెట్టనివ్వరు. భక్తుల కోసం దారి తెరిచే ఆ కొద్ది రోజులే మనవంటివారికి ఆ అడవిని నిదానంగా చూసే అవకాశం. నా భక్తి ఎంతటిదో నీకు తెలుసు. మెడలో కెమెరా వేలాడదీసుకుని వచ్చినవాణ్ణి చూసి మల్లన్న ఏమనుకున్నాడో మరి!

పెచ్చెరువు దాటి పొద్దు కొండ మీదికి వచ్చేవేళకు వాలు మొత్తం రాగి రంగుకు తిరిగింది. టేకులు అప్పటికే మోడులై ఉన్నాయి, తపసి చెట్లు తెల్లటి బెరడు పొరలుగా విడుస్తూ నిలబడి ఉన్నాయి, వాటి నడుమ చిన్నచిన్న ఆకుల చెట్లు మాత్రం ఎర్రగా పండి ఉన్నాయి. ఒక ఆకు తీసి చూశాను. నడిమి ఈనె ఇంకా పచ్చగానే ఉన్నది. దానికి ఇరువైపులా పసుపు, అంచుకు పోయేకొద్దీ ఎరుపు, కొసన మాత్రం మాడిన గోధుమ రంగు. మీ దగ్గర పగళ్ళు కురచబడి చలి ముదిరితే ఆకు పండుతుంది, ఇక్కడ నేలలో తడి ఆరిపోవడంతో పండుతుంది. నీరు ఆవిరై పోకుండా ఆకును వదిలించుకునే చెట్టు, వదిలే ముందు అందులోని నత్రజనిని కొమ్మలోకి లాగేసుకుంటుంది. పత్రహరితం విరిగిపోగానే అంతవరకు దాని చాటున ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు, ఆ చివరి రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకునే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. రాలబోయే ఆకుకు ఈ ఖర్చెందుకో! నీవైతే టెండరు రద్దు చేసేవాడివి.

ఆ ఎరుపు కెమెరాకు ఒక పట్టాన లొంగదు. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుతురు, కొంచెం ఎక్కువైతే ఈనెలన్నీ మాయమై ముద్దగా కనబడుతుంది. వెలుతురును బట్టి రంగులను తానే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ వెచ్చదనాన్ని మింగేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి, వైట్ బ్యాలెన్స్‌ను నీడ గుర్తు మీద పెట్టి, వెలుతురు ఆకు వెనుక నుండి వచ్చేటట్లు సూర్యుడికి ఎదురుగా నిలబడి తీశాను. మిట్టమధ్యాహ్నం తీసినవాటిలో ఒక్కటీ ఉంచలేదు.

అలా మెడ పైకెత్తి నిలబడి ఉండగా, ఎమ్మిగనూరు వైపు నుండి వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, “ఎండుటాకులకు ఫోటోలు తీసేటోణ్ణి ఇప్పుడే చూస్తాండా నాయనా” అన్నది. చెట్టు పేరు అడిగాను. “చిరుమాను. బండి ఇరుసుకు ఈ కట్టే కావాలనేటోడు మా నాయన” అని చెప్పి, మూట నా చేతికిచ్చి, ఆకులకు తీసినవాడివి నాకు తీయలేవా అంటూ ఆధార్ కార్డుకు నిలబడినట్లు బిగుసుకుని నిలబడింది. కవరులో అన్నిటికన్నా పైన ఉన్నది ఆ ఫోటోయే.

ఇంత సంతోషంలోనూ ఒక్క క్షణం నా ప్రాణం పైనే పోయింది. మడమలు మునిగేటంత ఎండుటాకుల మధ్య ఒక పెద్దమనిషి బీడీ ముట్టించి, ఆరని అగ్గిపుల్లను నిశ్చింతగా విసిరేశాడు. వెనుక వస్తున్న కుర్రవాడు చెప్పుతో తొక్కి ఆర్పాడు గనుక సరిపోయింది. నాకు వెంటనే మన హాస్టలు మిద్దె మీది సంగతి... వద్దులే, అది కాగితం మీద పెట్టదగినది కాదు.

అన్నట్టు, తిరుగు ప్రయాణంలో ఆత్మకూరులో ఒక రావిచెట్టు చిగురించి ఉన్నది. ఆ లేతాకులదీ రాగి రంగే, అందులోనూ ఆంథోసయనినే. మీ మేపుల్ చిగుళ్ళు ఏ రంగులో వస్తాయో మంచు కరిగాక చూసి వ్రాయి. భీముని కొలను లోయ దిగిన సంగతి, అక్కడ నా మోకాళ్ళు పెట్టిన పేచీ ఇంకా చెప్పనేలేదు. కానీ పోస్టాఫీసు మూసే వేళయింది, కవరు ఇంకా అంటించలేదు, చిన్నది చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నది.

నీ,
మేస్త్రీ