నా ప్రశ్నలకు కోపగించుకోని ఆ మాస్టారికి

అమ్మను నిన్న సాయంత్రం గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చాము. పేగు ఆపరేషను తరువాత లోపల చీము పట్టి, రెండోసారి కోయవలసి వచ్చినప్పుడు మా ఆశలు దాదాపు అడుగంటాయి. ఇప్పుడు గంజి తాగుతోంది, తాను లేనన్నాళ్లూ ఇల్లు ఎవరూ దులపలేదని కోప్పడుతోంది. ప్రార్థించిన వారందరికీ, నేను ఎత్తకపోయినా మళ్లీ మళ్లీ ఫోను చేసినవారికీ హృదయపూర్వక వందనాలు. కళ్లు మూతలు పడుతుండగా రాస్తున్నాను కనుక తప్పులుంటే మన్నించండి. అన్నయ్య, వదిన, తమ్ముడు, పిన్ని ఏమి చేశారో వేరే చెప్పనక్కరలేదు. వాళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే నవ్విపోతారు. నేను ముఖ్యంగా రాయదలచినది మాకు ఏమీ కాని ఒక పెద్దాయన గురించి.

ఆయన ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. పేరు రాయవద్దని ఒట్టు పెట్టించుకున్నారు. పక్షవాతంతో మాట పడిపోయిన భార్యకు తోడుగా, మా అమ్మ మంచానికి ఎదురు మంచం దగ్గర ఉన్నారు. మొదటి ఆపరేషను అయిన మరునాడు ఒక ప్రార్థన బృందం వారు వార్డుకు వచ్చి, అమ్మ తలపై చేతులుంచి ప్రార్థించి, వెళ్లేముందు నాతో, "ఇంట్లో ఎవరిలోనో అవిశ్వాసం ఉన్నందువల్లనే స్వస్థత ఆగింది, పరిశీలించుకో అమ్మా" అని చెప్పి వెళ్లారు. నేను కొంతకాలంగా సందేహాలతో ఉన్న మాట వారికి ఎవరు చేరవేశారో నాకు తెలుసు. ఆ మాటలు విన్న మాస్టారు తన టిఫిన్ క్యారియరు మూతలో రెండు ఇడ్లీలు పెట్టి, చట్నీ పొట్లం మూల పంటితో కొరికి వాటి మీద వంచి, "ముందు తిను తల్లీ. నీ సందేహానికి మీ అమ్మ పేగుకు సంబంధం లేదు. సందేహం ఏమిటో తిన్నాక చెప్పు" అన్నారు.

నేను అడిగినది సూటి ప్రశ్నే. మా తాతల కాలం నుంచి నమ్ముతున్నాము కాబట్టి క్రీస్తును నమ్ముతున్నానా, లేక నమ్మడానికి నిజంగా కారణాలున్నాయా? సండేస్కూలు నుంచి నేటివరకు ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు దొరికినది "సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు" అన్న బైబిలు వాక్యమే. మనలోని నిరీక్షణకు (ఆశకు) హేతువు అడిగే ప్రతివారికీ సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని బైబిలులో యేసు శిష్యుడు పేతురు మొదటి పత్రిక (అంటే ఉత్తరం) మూడో అధ్యాయంలో ఉన్న సంగతి నాకు బోధించినవారు ఎవరూ లేరు. మాస్టారు మాత్రం జవాబు చెప్పారు, అదీ మెట్లు మెట్లుగా, మధ్యలో నర్సు పిలిస్తే లేచి వెళ్లి వస్తూ.

యేసు మరణించి తిరిగి లేచాడన్నది నమ్మదగినదా అన్నదే అసలు ప్రశ్న అని, కథలు ఎంత ఆలస్యంగా రాస్తే అంత పెరుగుతాయి కనుక, చరిత్ర చదివినవాడు మొదట చూడవలసినది ఆ సాక్ష్యం సంఘటనకు ఎంత దగ్గరిదో అని ఆయన మొదలుపెట్టారు. సిలువ మరణం సుమారు క్రీ.శ. 30లో అయితే, తొలి తరం క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు వారికి మొదటి పత్రిక రాసినది 50ల మధ్యలో. అందులో 15వ అధ్యాయంలో క్రీస్తు మరణించెను, సమాధి చేయబడెను, లేపబడెను, కేఫాకు (అంటే పేతురుకు) కనబడెను అనే మాటలను పౌలు తాను సొంతంగా చెప్పడం లేదు, తనకు అప్పగింపబడినదాన్నే అప్పగిస్తున్నానంటాడు. ఆ అప్పగింత ఇంకా పాతదన్న మాట. గలతీయులకు రాసినప్పుడు, తాను యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర 15 రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశానని చెప్తాడు. అంటే ఆయన సాక్షులను ఎరిగినవాడు. ఆ తరువాతి కారణం, సువార్తలు (యేసు జీవితం చెప్పే బైబిలు గ్రంథాలు) ఖాళీ అయిన సమాధి దగ్గరికి మొదట వెళ్లినవారు స్త్రీలని చెప్పడం. స్త్రీల సాక్ష్యం చెల్లదని యూదు చరిత్రకారుడు జోసీఫసే రాసిన కాలంలో, కథ అల్లేవాడు ఎవడైనా పేతురునో యోహానునో ముందు నడిపిస్తాడు గానీ మగ్దలేనే మరియను నడిపించడని మాస్టారి వాదం.

యేసు సహోదరుడు యాకోబు సంగతి వచ్చినప్పుడు మాస్టారు ఆగి, మంచం కాళ్ల దగ్గర కునికిపాట్లు పడుతున్న మా తమ్ముణ్ని చూపించి, "వాడు నిన్ను దేవతవని నమ్మాలంటే ఏమి జరగాలి?" అని అడిగారు. తమ్ముడు కళ్లు తెరవకుండానే "జరగదండీ" అన్నాడు. ఆసుపత్రిలో చేరిన తరువాత నేను నవ్వడం అదే మొదలు. యేసు సహోదరులు ఆయన యందు విశ్వాసముంచలేదని యోహాను సువార్త దాచకుండా చెబుతోంది. ఇంటివారు ఆయనకు మతి చలించిందనుకున్నట్లు మార్కు సువార్తలో ఉంది. అటువంటి యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు, క్రీ.శ. 62లో రాళ్లతో కొట్టించి చంపించారని జోసీఫసు రాశాడు. నడుమ ఏదో జరిగి ఉండాలి.

ఈ కారణాలకంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన వద్దన్న కారణాలు. జోసీఫసు గ్రంథంలో యేసును క్రీస్తు అని ఒప్పుకున్నట్లు కనిపించే భాగాన్ని ఎవరైనా గొప్పగా చూపిస్తే తలూపవద్దని, అందులో తరువాతి క్రైస్తవ లేఖకుల చెయ్యి ఉందని పండితులు ఎక్కువమంది భావిస్తారని చెప్పారు. పౌలు అదే అధ్యాయంలో చెప్పిన, 500 మందికి పైగా కనబడెనన్నది విలువైనదే అయినా వారి పేర్లు మన దగ్గర లేవు కనుక దాని మీద అతిగా భారం వేయవద్దన్నారు. రోమను చరిత్రకారుడు టాసిటస్ క్రీస్తును తిబెరి చక్రవర్తి కాలంలో రోమను అధిపతి పిలాతు చంపించాడని రాసినదీ, 1961లో కైసరయలో దొరికిన పిలాతు పేరున్న రాయీ మరణదండన చరిత్రకు ఆధారాలే గానీ పునరుత్థానానికి కావన్నారు. "బలహీనమైన వాదనతో గెలిస్తే, అది విరిగిన రోజున విశ్వాసం కూడా విరుగుతుంది తల్లీ" అని ఆయన చెప్పినప్పుడు, సభల్లో మైకు పట్టుకుని అరిచేవారంతా గుర్తుకు వచ్చారు. నొప్పితో మూలుగుతున్న తల్లి పక్కన కూర్చున్న మనిషికి విత్తన కానుక (దేవుడు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడని చెప్పి అడిగే డబ్బు) పంపమని క్యూఆర్ కోడు పంపే దైవసేవకులున్న కాలంలో ఈ మాట అనేవారు ఉన్నారని నాకు తెలియదు. అడిగితే తప్పంటారు, అడగకపోతే కానుక అడుగుతారు. ఈ పద్ధతి మన సంఘాలలో ఎప్పుడు పోతుందో.

మాది ఒంగోలు దగ్గరి కుటుంబం కనుక, బియ్యం కోసం మతం మారారన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. దానికీ ఆయన దగ్గర జవాబుంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కరువు సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశాడు. అది అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనివల్ల పునరుత్థానం రుజువు కాదు గాని, మా ముత్తాతలను ఆకలి మాత్రమే నడిపించలేదని రుజువవుతుంది. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా పోగొట్టుకుంటాడు. ఆంధ్రలో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషను మిగులుతుంది. ఇందులో లాభం ఎక్కడుందో లెక్క కట్టి చూపమని ఆయన అడగమన్నారు.

రెండో ఆపరేషనుకు ముందు రాత్రి అమ్మ వాంతి చేసుకుంది. ఆ వార్డంతటికీ ఉన్న ఒక్క ఆయా ఎక్కడుందో తెలియదు, అడిగితే కౌంటరులో కసురుకున్నారు, ఆరోగ్యశ్రీ అనుమతి కాగితం ఇంకా రాలేదని అదే కౌంటరు నుంచి మరొక కేక. నేను మాస్టారి మీదనే విరుచుకుపడ్డాను. మంచి దేవుడే అయితే ఈ ముసలి మనిషికి ఇదంతా ఎందుకు అని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "దీనికి నా దగ్గర కారణం లేదు. సిలువ మీద ఆయన కూడా ఎందుకు అని అడిగాడు, పై నుంచి మాట రాలేదు. ఆ ప్రశ్న తెలిసిన దేవుణ్ని నమ్మగలుగుతున్నాను, అంతవరకే చెప్పగలను" అన్నారు. ఆ మాట అని నా చేతిలోని బకెట్టు తీసుకుని, పంచె మోకాళ్లదాకా ఎగగట్టి, వరండా కుళాయి కింద కూర్చుని, తనకు పేరైనా తెలియని ఒక ఆడమనిషి దుప్పటిని అరిగిపోయిన సబ్బుముక్కతో ఉతికారు. డెబ్బై దాటిన మనిషి. నేను గోడకు ఆనుకుని, నర్సులు చూస్తున్నారన్న స్పృహ కూడా లేకుండా ఏడ్చాను.

అమ్మ లేచి కూర్చున్న రోజున, ఇది కూడా మీ కారణాలలో చేర్చవచ్చు కదా అని సంతోషంతో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "స్తోత్రం చెల్లించు, కానీ రుజువుగా రాయకు. మీ అమ్మ లేవడం రుజువైతే, మా ఆవిడ లేవకపోవడం దేనికి రుజువు?" అన్నారు. ఆవిడ ఇంకా ఆ వార్డులోనే ఉన్నారు. దయచేసి ఆమె కోసం ప్రార్థించండి. నా సందేహాలన్నీ తీరిపోయాయని నేను సాక్ష్యం చెప్పడం లేదు. చరిత్రను బట్టి నమ్మడానికి నాకు తగిన కారణాలున్నాయి, మిగిలినవి ఇంకా అడుగుతూనే ఉంటాను, అడగడానికి ఇక ఎవరి అనుమతీ కోరను.

ఆయన నంబరు కోసం అప్పుడే ముగ్గురు నలుగురు మెసేజి పెట్టారు, ఇవ్వలేను. అన్నట్టు, రక్తం ఇచ్చిన ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులను మరిచిపోయాను, వారు జ్యూసు కూడా తాగకుండా పరీక్షకు పరుగెత్తారు; మీ తల్లిదండ్రులకు నా నమస్కారాలు. క్యాంటీనులో రాత్రి పదకొండుకు కూడా వేడినీళ్లు ఇచ్చిన సుల్తానాబీ గారికి, ఆరోగ్యశ్రీ కాగితాలను చివరికి కదిలించిన ఆరోగ్యమిత్రకు, మా వీధి చివర టైలరుషాపు ఆయనకు (మా ఇంటికి తాళం వేశారో లేదో రోజూ చూసినది ఆయనే) కూడా కృతజ్ఞతలు. ఇంకా ఎవరినైనా వదిలేసి ఉంటే కింద రాయండి, రేపు లేచాక చేరుస్తాను.