ఇథనాల్ కిట్ల బిగింపు ఎందుకు ఆపామంటే

మా గ్యారేజీలో పెట్రోల్ కారుకు ఇథనాల్ కిట్ (పెట్రోల్‌తో పాటు ఇథనాల్ అనే ఆల్కహాల్‌తోనూ కారు నడిచేలా చేసేది) బిగించుకున్నవారికీ, అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవారికీ ఈ సంగతి మా నోటే తెలియాలని రాస్తున్నాను. కొత్త బిగింపులు ఆపేశాం. ఈమధ్య వచ్చిన సరుకులోంచి వేసిన ఇంధన పైపులన్నీ మా ఖర్చుతోనే మారుస్తున్నాం.

సర్వీసుకొచ్చిన ఒక కారు ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి నలకలు కనిపించాయి. పాత ట్యాంకుల్లో ఇది మామూలే. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి, కడిగి తెచ్చి ఫిల్టర్‌లో పడేస్తుంది. కానీ ఈ నలకను వేళ్ల మధ్య నలిపితే పొడి కాలేదు, సాగింది. పైపును నిలువునా కోయించాను. లోపలి పొర ఉబ్బి మెత్తబడింది, గోటితో గీస్తే పెచ్చుగా ఊడొచ్చింది. పైపు మీద ముద్ర ఫ్లోరో రబ్బరు అని ఉంది, అది ఇథనాల్‌ను తట్టుకునే రకం. గట్టిగా నిలదీస్తే, లోపలిది అంతగా తట్టుకోని మామూలు నైట్రైల్ రబ్బరేనని సరఫరాదారు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఊరుకున్నా బాగుండేది. "ఒట్టి ఆల్కహాల్‌లో నానబెట్టి చూశాం, ఏం కాలేదు. అందరూ ఇవే వాడుతున్నారు, మీకొక్కరికే ఈ చాదస్తం" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు. ఇథనాల్, పెట్రోల్ విడివిడిగా ఉన్నప్పటికంటే కలిసినప్పుడే ఇలాంటి రబ్బరు ఎక్కువ ఉబ్బుతుంది. మీ ట్యాంకుల్లో ఎప్పుడూ ఉండేది ఆ మిశ్రమమే కదా! సగం ఇథనాల్ ఉండగానే పైన పెట్రోల్ పోయిస్తారు, అలా పోయించుకునే వీలు కోసమే కిట్ పెట్టించుకున్నారు. ఒట్టి ఆల్కహాల్‌లో చేసిన పరీక్ష మన కార్లకు ఎందుకూ పనికిరాదు.

నిద్ర పట్టనివ్వనిది ఆ తర్వాతి సంగతి. ఒప్పుకున్న పనులు అదే సరుకుతో ముగించి, మంచి పైపులు దొరికాక మార్చవచ్చని మా కుర్రాళ్లలో ఒకరన్నారు. అది దురాశతో అన్న మాట కాదు, పని ఆగితే జీతాలకు కష్టమని తెలిసి అన్నది. సరఫరాదారు ధర తగ్గిస్తానన్నాడు కూడా. బిల్లులు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంజిన్ పక్కనే వేడిలో ఉండే పైపు అది. చిట్లితే ఇంధనం చిమ్మేది వేడి లోహం మీద. మీ పిల్లలు ఆ కారులోనే బడికి వెళ్తారు. పని ఆపేశాను. ఆ సరఫరాదారుతో లెక్క కూడా తెంచేశాను, మళ్లీ కలిపే ప్రసక్తి లేదు.

ఇదంతా విని "ఆ ఇంధనమే అంత" అని కొందరంటున్నారు. అది మాత్రం ఒప్పుకోను. బ్రెజిల్‌లో 1979లోనే ఫియాట్ 147 చెరకు ఆల్కహాల్‌తో నడిచింది. 2003 నుంచి అక్కడ ఏ పాళ్లలో కలిపి పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు అమ్ముతున్నారు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే, కాబట్టి మైలేజీ తగ్గుతుంది. ఆ మాట బిగించే ముందే ప్రతి ఒక్కరికీ చెప్పాను. పెట్రోల్ కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. అందుకే ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ ఎక్కువసేపు తెరుచుకునేలా కిట్ సర్దుతుంది. ఆ సర్దుబాటు మా చేతిపని, దానిలో ఏ లోపమూ రాలేదు.

మార్చాల్సిన కార్ల వారికి మేమే ఫోన్ చేస్తున్నాం. ఫోన్ వచ్చినవారు బండి తీయకండి, మనిషిని పంపి తెప్పించుకుంటాం. ఇంధనం వాసన వస్తుంటే మా ఫోన్ కోసం చూడకుండా ఇంజిన్ ఆపేసి మీరే చెప్పండి.

అడ్వాన్స్ వెనక్కి కావాలన్నవారికి అడిగిన రోజే ఇస్తాం. కొత్తచోట తెప్పించిన పైపు ముక్కలు 20, 50, 85 శాతం ఇథనాల్ కలిపిన సీసాల్లో నానుతున్నాయి. నెల గడిచాక కోసి, నా కళ్లతో చూశాకే మళ్లీ తేదీలు ఇస్తాను. ఎంత దగ్గరివారు అడిగినా అంతకు ముందు చెప్పను.