కలిపినదంతా కల్తీ కాదు

సంపాదకులకు నమస్కారం.

వైన్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఒకే రకం ద్రాక్షతో చేస్తేనే అసలైన వైన్ అనీ, రెండు మూడు రకాలు కలిపితే అది కల్తీయేననీ అందులో రాశారు. ఆ మాట నన్ను బాధపెట్టింది. నేను ఫ్రాన్స్‌లోని అవిన్యాన్‌లో ఒక రెస్టారెంట్‌లో వడ్డన పని చేస్తున్నాను. అంతకుముందు రెండేళ్లు, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న షాటోనఫ్ దు పాప్ తోటల్లో ద్రాక్ష కోతకు వెళ్లాను. ఆ ఊరి రెడ్ వైన్‌కి పేరు తెచ్చిందే రకాలు కలపడం.

అక్కడ యంత్రాలతో కోయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఒంగి, గుత్తి గుత్తినీ కత్తెరతో కోయాలి. చాలా చేలల్లో కాళ్ల కింద మట్టే కనపడదు, అన్నీ గుండ్రటి పెద్ద రాళ్లు. పొద్దంతా ఎండకి కాగి, చీకటి పడ్డాక కూడా వెచ్చగానే ఉంటాయి.

ఆ చలికాలం, వైన్ నిల్వ ఉంచే సెల్లార్ చూసుకునే పెద్దాయన నా ముందు మూడు గ్లాసులు పెట్టారు, ఒక్కోదానిలో ఒక్కో రకం ద్రాక్షతో చేసిన వైన్. మొదటిది గ్రెనాష్: ఎర్రటి పండ్ల వాసన, రంగు పలచన, గొంతులో వేడి. ఆ పండులో చక్కెర ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ 14, 15 శాతం దాకా సులువుగా పోతుంది. రెండోది సిరా: ముదురు రంగు, మిరియాల ఘాటు. మూడోది మూర్వెద్ర్. ఆలస్యంగా పండే రకం, తోలు మందం. నాలుక పిడచకట్టేంత వగరు, నేను గుటక వేయలేకపోయాను. ఆయన కొలగాజులో ఏడు పాళ్లు గ్రెనాష్, రెండు సిరా, ఒకటి మూర్వెద్ర్ పోసి ఇచ్చారు. నేను వద్దన్న ఆ వగరే గ్రెనాష్ వేడిని పట్టి నిలిపింది. ఆ గుటక నాకు ఇప్పటికీ గుర్తుంది.

రైతుకి ఇందులో ఇంకో ధీమా కూడా ఉంది. పూత సమయంలో చలి, వాన పడితే గ్రెనాష్ పూత రాలిపోయి కాపు తగ్గుతుంది. అలాంటి ఏడు మిగతా రకాలు ఆదుకుంటాయి.

నిజమైన కల్తీ మీద ఆ ఊరివాళ్లు ఎప్పుడో పోరాడారు. ఎక్కడెక్కడి వైనో తమ ఊరి పేరుతో అమ్ముడవుతుంటే, 1923లో బారన్ పియెర్ లె రువా దగ్గరికి వెళ్లారు. ఆయన న్యాయశాస్త్రం చదివినవారు, తానూ ద్రాక్ష రైతే. ఏ నేల, ఏ రకాలు, కనీసం 12.5 శాతం ఆల్కహాల్, చెడిన పండు ఏరివేత అంటూ ఆయన ఆధ్వర్యంలో కట్టుబాట్లు రాసుకున్నారు. 1936లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. పంచదార కలపడం నిషిద్ధం. ద్రాక్ష మాత్రం 13 రకాల దాకా వాడవచ్చు. కల్తీని ఆపడానికి పుట్టిన చట్టమే ఇన్ని రకాలను అనుమతిస్తోంది, ఇది గమనించండి.

ఇక వంటల జత. కారం దట్టించిన కూరతో ఇలాంటి వైన్ బాగుంటుందని మీ వ్యాసం. నేను ఒప్పుకోను. ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ మిరప మంట పెరుగుతుంది, పండు రుచి అణగిపోతుంది. ఇక్కడ మేం రోజ్‌మేరీ, థైమ్ రాసి కాల్చిన గొర్రెపిల్ల మాంసంతో ఇస్తాం. గొడ్డు మాంసాన్ని వైన్‌లోనే గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించే దోబ్ అయితే ఇంకా మంచిది, అందులోని నారింజ తొక్క వాసన గ్రెనాష్‌కి భలే కుదురుతుంది. మాంసం తిననివారికి వంకాయ, టమాటాల రటటూయి. వడ్డించేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీలు చాలు, అంతకు మించితే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది.

వచ్చే ఆదివారం 'కల్తీ' అన్న మాటకి సవరణ వేయమని కోరుతున్నాను. ఆ రాళ్ల మీద ఒంగి కోసేవాళ్లతో కలిసి పనిచేసిన దాన్ని, అందుకే అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అవిన్యాన్