ఐపీ పెట్టినవాళ్ళందరూ పారిపోలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక మా పర్లాకిమిడికి పాతపట్నం మీదుగా వస్తుంది. ఒడిశాలో ఉంటున్నా పొద్దున్నే తెలుగు పేపరు చూడకపోతే తోచని ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి, మాది వాటిలో ఒకటి. అప్పులపాలైన వ్యాపారి వార్త జిల్లా పేజీలో పడితే ‘కుచ్చుటోపీ’ అన్న మాట దాదాపు ఖాయం. దాని పక్కనే ‘ఐపీ పెట్టి పరార్’. ఈ రెండు మాటల గురించే ఈ ఉత్తరం. నేను ఐపీ పెట్టినవాణ్ణి, అంటే అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకున్నవాణ్ణి. పరారవలేదు. ఇల్లు మారాను గానీ వీధి మారలేదు.

పందొమ్మిదేళ్ళు రెడీమేడ్ బట్టల కొట్టు నడిపాను. బడి యూనిఫాంలే నా అసలు వ్యాపారం. 2020లో వేసవి తర్వాత బడులు తెరుస్తారు కదా అని అరువు మీద సరుకు ముందే దింపేశాను. బడులు తెరవలేదు. నీలం నిక్కర్లు, తెల్ల చొక్కాలు అటక దాకా పేర్చి ఉన్నాయి, కొనేవాడు లేడు. బ్యాంకు వాయిదా కోసం మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాశాను. ఆ వడ్డీ కోసం డైలీ ఫైనాన్స్ పట్టాను, రోజుకు ఐదు వందలు. ఫైనాన్స్ కుర్రాడు సాయంత్రం బండి ఆపే చప్పుడు వినబడితే మా అమ్మాయి వెళ్ళి తలుపు వేసేది. మొత్తం లెక్క వేసుకుంటే పదిహేడు లక్షలు. ఆ లెక్క వేసుకోవడానికే నాకు ఆర్నెల్లు పట్టింది, ఎందుకంటే కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయం.

ఏం చెయ్యాలో తేలడానికి ఇంకో మూడు నెలలు. పాతపట్నం దగ్గర మావాళ్ళిచ్చిన ఇంటి స్థలం అమ్మినా సగం తీరదు. రాత్రికి రాత్రి సూరత్ రైలెక్కేయొచ్చు. మా వైపు నుంచి అక్కడి మగ్గాలకు పోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళలో కలిసిపోతే అడిగేవాడుండడు. మరో దారి గురించి ఇక్కడ రాయను, ఆ రాత్రులూ గడిచాయి. ఐపీ మాటెత్తితే మా ఆవిడ ఒక్కటే అంది: “పిల్లకి సంబంధాలు రావు.”

చివరికి ప్లీడరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మొదట అడిగింది అప్పు ఎంతని కాదు. “ఈ రెండేళ్ళలో ఎవరి పేరన్నా ఏమన్నా రాసిచ్చారా? ఈ మూడు నెలల్లో ఎవరికో ఒకరికి మాత్రం కట్టారా?” అన్నారు. అంతకు ముందు నెలలోనే మా చెల్లెలి దగ్గర తీసుకున్న నలభై వేలు తిరిగి ఇచ్చేశాను. సొంతమనిషి కదా, దాని డబ్బైనా మునగకూడదనుకున్నాను. మిగతావాళ్ళను పక్కనబెట్టి ఒకరికి మొగ్గు చూపడం కిందికి అది వస్తుందట. దాన్ని కూడా పిటిషన్‌లో చూపించాం. తర్వాత ఆ డబ్బు మా చెల్లెలు రిసీవరుకు, అంటే నా ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టిన మనిషికి, కట్టింది. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. ‘నా దగ్గర ఉన్నది ఇంతే, ఇవ్వాల్సినవాళ్ళు వీళ్ళు’ అని పేరూ ఊరూ సహా రాసి కోర్టులో పెట్టడం. కోర్టు ఒప్పుకుంటే ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో పోతుంది. ఉన్నది అప్పులవాళ్ళకు పంచుతారు. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఎవరూ విడిగా దావా వెయ్యకూడదు. వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, ఆడవాళ్ళ మెడలోని పుస్తెల జోలికి రారు. నా కొట్టులో సరుకు అమ్మితే, స్థలం అమ్మితే, అప్పులవాళ్ళకు రూపాయికి ముప్పై పైసలకు కాస్త పైన ముట్టింది. గొప్ప విషయమని చెప్పను. పరారైనవాడి అప్పులవాళ్ళకు అది కూడా ముట్టదు, అంతే నేను చెప్పేది.

మోసం చేసి ఐపీ పెట్టేవాళ్ళు లేరా? ఉన్నారు. ఆస్తి ముందే బావమరిది పేర పెట్టి, ఆనక కోర్టుకెక్కే పెద్దమనుషుల్ని నేనూ చూశాను. వాళ్ళను పట్టుకునే సెక్షన్లు ఆ చట్టంలోనే ఉన్నాయి. వాళ్ళకు మీరు కుచ్చుటోపీ అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక ఆ చట్టం సంగతి. మాకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది, ఒడిశా రాష్ట్రం 1936లో గానీ రాలేదు. మేం రాష్ట్రం మారాం, జిల్లా మారాం, చట్టం మారలేదు. అవతల పాతపట్నంలోనూ అదే చట్టం. దాని ప్రకారం అప్పు ఐదు వందల రూపాయలుంటే చాలు, మనిషి ఐపీ పెట్టొచ్చు. నేను ఒక్క రోజు ఫైనాన్స్ కుర్రాడికి కట్టింది అంత!

దానికన్నా నవ్వొచ్చేది, నవ్వలేనిది ఇంకోటి ఉంది. ఐపీ నుంచి విడుదల ఉత్తర్వు రానివాడు, ఫలానా స్థితిలో ఉన్నానని చెప్పకుండా ఎవరి దగ్గరైనా యాభై రూపాయలు, ఆపైన అరువు తీసుకుంటే నేరం. ఆరు నెలల దాకా జైలు వెయ్యొచ్చు. ఈ రోజుల్లో యాభై రూపాయలకు ఏమొస్తుందో మీకు తెలుసు. ప్లీడరు గారు ఈ మాట చెప్పిన మర్నాడు వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్ళి, పప్పూ నూనే ఖాతాలో రాయించుకునే ముందు, “నేను ఐపీలో ఉన్నానండీ” అని చెప్పాను. కొట్టాయన తలెత్తకుండానే, “ఊరందరికీ తెలిసిందే గదా బావా, మళ్ళీ నాకెందుకు చెప్తావు” అన్నాడు. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. అప్పటి నుంచి డబ్బులుంటేనే కొట్టుకు వెళ్తున్నాను. ఇప్పుడు వేరేవాళ్ళ కొట్టులో పద్దులు రాస్తున్నాను, నెల జీతం. ఎవరి అప్పు ఎంత మిగిలిందో రాసే పని నాకే వచ్చింది చూడండి.

అందరికీ తెలియనిది, నాకూ ఆలస్యంగా తెలిసింది ఒకటుంది. ఐపీ నన్ను కాపాడుతుంది గానీ నా కోసం హామీ సంతకం పెట్టినవాణ్ణి కాపాడదు. బ్యాంకు అప్పుకు మా తోడల్లుడు సంతకం పెట్టాడు. నాకు విడుదల వచ్చినా అతని బాధ్యత పోదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. ముట్టినది పోగా మిగిలింది అతను మూడేళ్ళుగా కడుతున్నాడు. పండక్కి వస్తాడు, భోంచేస్తాడు, ఆ మాట ఎత్తడు. ఎత్తితే బాగుండుననిపిస్తుంది. మా ఆవిడ పేర ఉన్న వారం గ్రూపు అప్పుకూ నా ఐపీకీ సంబంధం లేదు. ఆవిడ కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్ళ మీద పడుతుందని, కుట్టుమిషను తొక్కి ఆఖరి వాయిదా దాకా కట్టింది. చెక్కు బౌన్సు కేసు కూడా వేరే దారి, ఐపీ దాన్ని ఆపదు. ఇవన్నీ కనుక్కోకుండా ఎవరూ కోర్టు మెట్లెక్కొద్దు. ముందు బ్యాంకుతో ఒకేసారి సెటిల్‌మెంటుకు, లోక్ అదాలత్‌కు ప్రయత్నించి చూడడం మంచిది. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. నాకు ఇది తెలియక రాత్రి పదకొండుకు కూడా ఫోనెత్తి ‘సార్ సార్’ అంటూ ఉండేవాణ్ణి.

2016లో కేంద్రం కొత్త దివాలా చట్టం తెచ్చింది కదా అని మీరనొచ్చు. తెచ్చింది. పెద్ద కంపెనీల కేసులు అందులోనే నడుస్తున్నాయి. మనుషుల భాగానికి వచ్చేసరికి, కంపెనీ అప్పుకు సొంత హామీ ఇచ్చినవాళ్ళకు మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. బట్టల కొట్టువాడికి, ఆటో నడిపేవాడికి ఇంకా 1920యే. ఆ కొత్త చట్టంలోనే నిరుపేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అలాంటివాళ్ళ అప్పు మాఫీ చేసి మళ్ళీ మొదలుపెట్టనివ్వాలని. నాకది వర్తించదు. కానీ మా వీధిలోనే వారం గ్రూపుల మధ్య నలిగిపోతున్న ముగ్గురు ఆడవాళ్ళ ముఖాలు కళ్ళముందుకొస్తాయి. ఆ అధ్యాయం అమల్లోకి రాలేదు. వచ్చేలోపు 35 వేలంటే ఏమిటో కూడా ఎవరికీ గుర్తుండదేమో. దాన్ని అమలు చెయ్యాలి, ఆ అంకెలు ఈనాటి ధరలకు తగ్గట్టు పెంచాలి. ఇక్కడి ఎంపీ గానీ శ్రీకాకుళం ఎంపీ గానీ పార్లమెంటులో ఒక ప్రశ్న వెయ్యలేరా?

మా సరిహద్దు ఊళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. నా అప్పులవాళ్ళలో సగం మంది అవతలి ఆంధ్రావాళ్ళు, ఇవతలివాళ్ళలోనూ ఎక్కువ మంది తెలుగువాళ్ళు. నోటీసు పడింది ఒడియా పేపర్లో, ఇంటికి వచ్చింది ఇంగ్లీషులో. ఒక పెద్దావిడ, నాకు ముప్పై వేలు చేబదులిచ్చిన ఆవిడ, ఆ కాగితం చూసి నేనే ఆవిడ మీద కేసు వేశాననుకుని నా గుమ్మం ముందు కూర్చుని ఏడ్చింది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల న్యాయ సేవా కేంద్రాల్లో తెలుగు చదివి చెప్పే మనిషిని ఒకరిని పెడితే ఖజానా ఏమీ ఖాళీ అవదు.

మీరు చెయ్యగలిగింది మాత్రం ఇంకా తేలిక. ఐపీ పెట్టిన మనిషి ఊళ్ళో ఉన్నాడో లేడో కనుక్కుని రాయండి. ఉంటే ‘కోర్టును ఆశ్రయించిన వ్యాపారి’ అని వెయ్యండి, అక్షరాలు కూడా పెద్ద ఎక్కువేం కావు.

నా విడుదల దరఖాస్తు కోర్టులో ఉంది, వాయిదా వచ్చే నెల. ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వెయ్యకండి. ఇంత రాసి ఇప్పుడు ఈ మాట అడుగుతున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. టెక్కలి నుంచి అమ్మాయిని చూసుకోవడానికి ఆదివారం వస్తున్నారు, వాళ్ళింట్లోనూ మీ పేపరే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా