పంటు దిగి తొందరపడకు

నర్సాపురం

ఒరే శీనూ,

నీ మెసేజ్ చూశాను. "దీపావళికి రెండు రోజులు మీ ఊరొస్తాం, ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఏం కొనాలి" అని నాలుగు ముక్కల్లో అడిగేశావు. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, ఆ సగం చెల్లెమ్మకి తప్పుగా చెబుతావు. అందుకే రాస్తున్నా.

ముందు టికెట్ సంగతి. రైల్వే వాళ్ళకి మా ఊరు నర్సాపూర్. మీ మెదక్ వైపు అడవి దగ్గర ఇంకో నర్సాపూర్ ఉంది, మ్యాప్ పెట్టుకుని అటు పోయేవు. రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకో. స్టేషన్ దాటిపోతుందేమో అన్న టెన్షన్ నీకక్కర్లేదు, పట్టాలు మా ఊళ్ళోనే అయిపోతాయి.

మా ఇంట్లో దిగండి. చెల్లెమ్మ మొహమాటపడితే బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలున్నాయి, కానీ గది చూడకుండా డబ్బు కట్టకు. పోయినేడు మా తోడల్లుడు ఒకచోట దిగాడు. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళన్నారు. తీరా అడిగితే కుర్రాడు కింద కాచి బకెట్టుతో మూడో అంతస్తుకి మోసుకొచ్చాడు. వచ్చేసరికి సగం నీళ్ళు, అవీ చల్లారిపోయి. మా వాడు ఆ కుర్రాడి మీద జాలిపడి యాభై ఇచ్చి చన్నీళ్ళే పోసుకున్నాడు. కాస్త ఖర్చయినా పర్వాలేదంటే చించినాడ వంతెన దాటి దిండిలో టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది, గోదారి ఒడ్డున, కొబ్బరితోటల్లో. హౌస్‌బోట్లు కూడా ఉంటాయి. పిల్లకి సరదాగా ఉంటుంది. నాకు మాత్రం అక్కడ కూర్చుంటే ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంటుంది.

నిన్ను నేను ముందు తీసుకెళ్ళేది మాధవాయిపాలెం రేవుకి. అక్కడ పంటు, అంటే బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల సఖినేటిపల్లి. చిన్నప్పట్నుంచీ వంతెన వస్తుందని వింటూనే ఉన్నా, పంటు తిరుగుతూనే ఉంది. స్కూటర్లు, ఆటోలు, కార్లు, కొబ్బరిబొండాల బండి, పట్టుచీరల్లో పెళ్ళివారు, అందరూ దాని మీదే. వశిష్ఠ గోదావరి అక్కడ బాగా వెడల్పు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. పోయినసారి నా పక్కన ఒకావిడ బుట్టలో కోడిపుంజుని పెట్టుకుని కూర్చుంది. నది మధ్యకొచ్చేసరికి అది కూసింది. అవతలి గట్టు మీదినుంచి ఇంకోటి బదులు పలికింది. పంటు మీద అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. వరదలప్పుడు పంటు ఆపేస్తారు గానీ దీపావళికి ఆ గొడవుండదు. చివరి పంటు ఎన్నింటికో మాత్రం వెళ్ళేటప్పుడే అడుగు. ఒకసారి నేను అడక్కుండా, చించినాడ మీదుగా చుట్టూ తిరిగి ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు గడియ పెట్టేసింది.

ఆ రేవు పేరు ఊరికే చెప్పలేదు. ఇంగ్లీషు వాళ్ళ గిడ్డంగి ఉన్న రోజుల్లో అక్కణ్ణుంచి ఓడలెక్కిన నూలుగుడ్డకి వాళ్ళు పెట్టిన పేరు "మడపోలం". ఆ మాధవాయిపాలెమే నాలుక తిరక్క అలా అయ్యింది. డచ్చి వాళ్ళూ ఇక్కడ వ్యాపారం చేశారు. హాలెండు వాళ్ళని మనవాళ్ళు వలందులనేవారు, అందుకే మా స్నానాల రేవు వలంధర రేవు. సాయంత్రం అక్కడ మెట్ల మీద కూర్చుని శనక్కాయలు తిందాం. చూడ్డానికి ప్రత్యేకంగా ఏం ఉండదు. అదే బాగుంటుంది.

పంటు దిగాక ఆటోలో అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వెనక్కి తిరక్కుండా అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాలి. గోదారి సముద్రంలో కలిసే చోటు అది. నీళ్ళు పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గి, ఉన్నప్పుడు ఇసక తేలుతుంది. ఒకవైపు అలలు, ఇంకోవైపు కదలనట్టున్న గోదారి. అక్కడ స్నానం జోలికి పోవద్దు, లోపల లాగేస్తుంది. పిల్ల చెయ్యి వదలకు. (2022లో జిల్లాలు విడగొట్టాక ఆ గట్టు కోనసీమది, ఈ గట్టు పశ్చిమ గోదావరిది. పార్లమెంటు స్థానం మా పేరు, జిల్లా కేంద్రం భీమవరం. ఈ మాట ఇక్కడ టీకొట్టు దగ్గర ఎత్తకు, మనకి పంటు తప్పిపోతుంది.)

తిండి. దీపావళికి పులస అని ఎవడైనా అమ్మితే నవ్వి వచ్చెయ్. పులస ఎర్రనీటి కాలంలో, వరద గోదారికి ఎదురీదే చేప. ఆ కాలం అయిపోయింది. ఇప్పుడు దొరికేది చీరమేను. వెంట్రుకంత సన్నగా, వేలి గోరంత పొడుగు చేపపిల్లలు. పూర్వం చీరలతో పట్టేవాళ్ళు, అందుకే ఆ పేరు. తూకం ఉండదు, గ్లాసులతో, బకెట్లతో కొలిచి అమ్ముతారు. మా అమ్మ చింతచిగురు, పచ్చిమిర్చి వేసి గారెల్లా అట్లపెనం మీద కాలుస్తుంది. హోటల్లో అడక్కు, ఇది ఇళ్ళల్లోనే తినాలి. చెల్లెమ్మ చేపలు తినదుగా, పొద్దున్నే పాలకొల్లు వెళ్దాం, పది కిలోమీటర్లే. కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చిన దిబ్బరొట్టె, దాని మీదికి పానకం. అంచు కరకర, మధ్యలో దూదిలా. ఒక్కో ముక్క ఇద్దరికి సరిపోతుంది, నీకొక్కడికీ చాలదు. అక్కడే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఉంది. కార్తీకం మొదలైతే జనం విరగబడతారు, కాబట్టి దర్శనం ముందు, రొట్టె తర్వాత. పాలకొల్లు సినిమా వాళ్ళ ఊరు, అల్లు రామలింగయ్య, దాసరి, కోడి రామకృష్ణ అంతా అక్కడివాళ్ళే. ఇటు మొగల్తూరు మీదుగా పేరుపాలెం బీచికెళితే నీ చిరంజీవి పుట్టిన ఊరు తగులుతుంది. బండి ఆపమని గొడవ చేస్తావని తెలుసు, ఆపుతాను.

ఇక కొనడం. చెల్లెమ్మ అడిగింది లేసు గురించే కదా. పోయిన సంక్రాంతికి మా పిన్ని కోసం ఒక దుకాణంలో టేబుల్ క్లాత్ కొన్నాను, చేతి అల్లికేనని ఒట్టేశాడు. పిన్ని వేలితో ఒకసారి తడిమి "మిషన్‌దిరా నాయనా" అంది. పిన్ని ముప్పై ఏళ్ళు అల్లింది, ఆవిడ్ని మోసం చెయ్యలేరు. తర్వాత నాకు చూపించింది. చేతి అల్లికలో ఒక పువ్వు పక్క పువ్వుకి అచ్చుగుద్దినట్టుండదు. ఒకావిడ రెక్కలు బిగించి అల్లుతుంది, ఒకావిడ వదులుగా. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్ళు వేరు. సూదికి చివర చిన్న కొక్కెం, అంతే సరంజామా. పిన్ని సీరియల్ చూస్తూ, మధ్యలో నన్ను తిడుతూ, చేతివైపు చూడకుండానే ఒక పువ్వు పూర్తి చేసి నా అరచేతిలో పెట్టింది. పావలా బిళ్ళంత ఉంది.

ఈ పని స్కాట్లండ్ మిషనరీలు నేర్పింది. 2024లో మా లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకేనన్న ముద్ర, కూడా వచ్చింది. అల్లినవాళ్ళ చేతికొచ్చేది మాత్రం ఏజెంటు ఎంతిస్తే అంత. అందుకే రుస్తుంబాదలో లేసు పార్కుకి వెళ్దాం, అల్లేవాళ్ళని చూసి కొనుక్కోవచ్చు. అక్కడ బేరమాడితే నేను నిన్ను తెలీదంటాను.

పూతరేకులు నువ్వు కొనకు. మా వీధి చివరావిడ నేతి చేత్తో చేసినవి చెప్పి ఉంచుతాను.

ఏ కోచో చెప్పు, స్టేషన్‌కి వస్తా. వచ్చేటప్పుడు ఒక కేజీ ఉస్మానియా బిస్కెట్లు పట్టుకురా. పోయినసారి తెచ్చినవి నువ్వే రైల్లో తినేశావు.

నీ,
సూరి